చేతిలో స్టీరింగు లేని ప్రయాణం

విమానం టికెట్లు తీసేశానని కూతురు ఫోనులో చెప్పగానే లోజరియా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, వీధంతా వినబడేలా ఒక కేక పెట్టింది. నడుముకు చుట్టుకున్న చితెంగె గుడ్డ బిగించి నాలుగడుగులు ఆడింది కూడా. ఆమె భర్త యోతాం జింబా మొక్కజొన్న గాదె పక్కన నిలబడి ఉన్నాడు. "మంచిది, మంచిది" అని రెండుసార్లు అని, గాదె పైకప్పు మీది గడ్డి సర్దడం మొదలుపెట్టాడు. ఆ గడ్డికి సర్దాల్సిన అవసరమేమీ లేదు.

చిపాతా ఊళ్లో యోతాం తెలియనివాళ్లు తక్కువ. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచి తెల్లబడేదాకా చిపాతాకీ రాజధాని లుసాకాకీ మధ్య బస్సు నడిపినవాడు. లువాంగ్వా లోయలోకి దిగే మలుపుల్లో ఎదురుగా లారీ హఠాత్తుగా ఊడిపడినా, వానకు రోడ్డు కొట్టుకుపోయినా, అతని మొహంలో కండ కదిలేది కాదని జనం చెప్పుకునేవాళ్లు. నడుము పాడైపోయి మానేశాడు. లుసాకా దాకా ఒక్క పగలు ఎలాగో ఓర్చుకోవచ్చు గాని, అంతకు మించి బస్సులో కూర్చుంటే లేవలేవని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అందుకే విమానం.

కూతురు తావొంగా నమీబియాలో, సముద్రపొడ్డున ఉన్న వాల్విస్ బేలో టీచరు. మొగుడికి ఓడరేవులో పని. ఆమెకు కవలలు పుట్టారు. నెలలు నిండకుండానే పుట్టేశారు. చాలా రోజులు గాజుపెట్టెలో ఉంచారు. ఆ రోజుల్లో లోజరియా అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఇప్పుడు పిల్లలు ఒళ్లు చేసి ఇంటికొచ్చారు. "అమ్మ ఒక్కతే వస్తే కుదరదు, నాన్న కూడా రావాలి. వీళ్లు బతికారంటే నాకింకా నమ్మకం కుదరట్లేదు, మీరిద్దరూ ఎత్తుకుంటే అప్పుడు నమ్ముతా" అంది తావొంగా.

అంతమాట అన్నాక కాదనేదెలా? యోతాం కాదనలేదు. అవుననీ అనలేదు.

మొదట్లో ఒంట్లో ఏదో చిన్న నలతగానే అనిపించింది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ అన్నం గొంతు దిగడం మానేసింది. మొక్కజొన్న పిండితో వండిన నుసిమాను చేత్తో ముద్ద చేసుకుని, చిన్నచేపల కూరలో ముంచి, అలాగే పళ్లెం అంచున పెట్టేసేవాడు. నిద్ర పట్టేది కాదు. కన్ను మూతపడితే చాలు, తను ఒక పొడవాటి బస్సులో వెనక సీట్లో కూర్చుని ఉన్నట్టూ, ముందు డ్రైవరు సీటు ఖాళీగా ఉన్నట్టూ కనిపించేది. పగలు గుండె ఉండీ ఉండీ దడదడలాడేది. అరచేతులు చల్లబడేవి. ఎప్పుడైనా ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే చేస్తున్న పని ఆపేసి, అది పూర్తిగా కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడేవాడు. పడిపోకుండా తనే చూపులతో పట్టుకున్నట్టు.

పెట్టె సర్దాడు. విప్పాడు. మళ్లీ సర్దాడు. పాస్‌పోర్టు ఉందో లేదో చూసుకుని, జేబులో పెట్టుకుని, పది అడుగులు నడిచి మళ్లీ తడుముకునేవాడు.

తర్వాత సాకులు మొదలయ్యాయి. "గాదెలో పురుగు పడేలా ఉంది, లోజరియా. ఎవరో ఒకరు ఉండాలి."

"మా తమ్ముడు చూస్తానన్నాడుగా."

"వాడికేం తెలుసు పురుగు సంగతి?"

"నీకంటే తెలుసు. నువ్వు బస్సులు తోలావు, వాడు మొక్కజొన్న పండించాడు."

మర్నాడు మేక ఈనబోతోందన్నాడు. ఆ మేకకు ఇంకా చాలా నెలలున్నాయని లోజరియా చెప్పింది. ఆ మర్నాడు, "నువ్వెళ్లిరా. ఇద్దరం పోతే ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నాడు.

లోజరియా వేరుశెనగలు వలుస్తున్న చేతులు ఆపి అతని వంక చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం యోతాంకు అలవాటు లేదు. లేచి సైకిలు తీసుకుని బయటకు వెళ్లిపోయాడు.

వెళ్లింది క్లినిక్కుకి. మనసులో ఒక ఆశ ఉంది. అది పైకి చెప్పుకోదగింది కాదు. గుండెజబ్బని తేలితే బాగుండునని. డాక్టరే విమానం ఎక్కొద్దంటే తన తప్పేముంది? క్యూలో పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లుల మధ్య కూర్చుని ఆ మాట అనుకుంటే తనకే సిగ్గేసింది. ఆశ మాత్రం పోలేదు.

లోపల ఉన్న డాక్టరమ్మది తావొంగా వయసే ఉంటుంది. గుండె విన్నది, బీపీ చూసింది, యంత్రానికి తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీసింది.

"తాతా, మీ గుండె ఎద్దు గుండెలా ఉంది" అంది.

"సరిగ్గా చూశావా తల్లీ? మళ్లీ ఒకసారి చూడు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "జబ్బు లేదంటే ఇంత దిగులు పడినవాళ్లని నేను చూళ్లేదు. ఎప్పట్నించి ఇలా ఉంది?"

"టికెట్లు వచ్చినప్పట్నించి" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఓ, ప్రయాణమా!" ఆమె నవ్వలేదు. అది అతనికి నచ్చింది. "విమానమా? మొదటిసారా? మీకున్నది భయం తాతా. దడ, నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, అన్నీ దాని పనే. నిద్రకి మాత్ర ఇస్తాను గాని, ముందు ఎవరితోనైనా మాట్లాడండి. భయపడ్డం తెలిసినవాళ్లతో. ధైర్యవంతులతో వద్దు, వాళ్లు వీపు తట్టి పంపేస్తారు."

భయం! బయటకొచ్చి సైకిలు నడిపించుకుంటూ పోతుంటే యోతాంకు మొదట రోషం వచ్చింది. నిన్నమొన్నటి పిల్ల, తనకా భయం అని చెప్పేది? కపాతా బజారు దాటేసరికి రోషం జారిపోయింది. దాని కింద ఇంకేదో ఉంది. భుజాల మీంచి మూట దించినట్టుగా ఉంది. పేరు తెలియని జబ్బుకంటే పేరున్న భయం కాస్త నయం కదా.

భయపడ్డం తెలిసినవాళ్లు ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తన సర్వీసు మొత్తంలో చిర్వా టీచరమ్మంత భయస్తురాలిని అతను చూడలేదు. ఆమె కూతురు పుట్టు చెవిటిది, లుసాకాలో అలాంటి పిల్లల బడిలో చదివేది. ఆ పిల్లని చూడ్డానికి టీచరమ్మ నెలనెలా బస్సెక్కేది. ప్రతిసారీ డ్రైవరు వెనక సీటే. ప్రతి కొండ దగ్గరా ముందుకు వంగి, "ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగేది. కండక్టరు ఆమెకు "ఎక్కడిదాకా మేడం" అని పేరు పెట్టాడు. యోతాం కూడా ఒకటి రెండుసార్లు, "ఇంకా బస్టాండులోనే ఉన్నాం మేడం" అని ఏడిపించినవాడే.

టీచరమ్మ రిటైరై ఊరి చివర నిమ్మచెట్లు పెంచుకుంటోంది. వాకిట్లో సైకిలు ఆపగానే గుర్తుపట్టింది.

"అరే, డ్రైవరు గారు! ఏంటిలా దారి తప్పారు? మీరు దారి తప్పే మనిషి కాదే!"

టీ ఇచ్చింది, ఉడికించిన చిలగడదుంప పెట్టింది. యోతాం పంటల సంగతి మాట్లాడాడు, చలిగాలి సంగతి మాట్లాడాడు. చివరికి గొంతు సవరించుకుని, "మా స్నేహితుడొకడున్నాడు మేడం. విమానం ఎక్కాలి. భయపడుతున్నాడు. వాడికేమైనా చెప్తారేమోనని..." అన్నాడు.

"మీ స్నేహితుడు అన్నం తింటున్నాడా?"

"లేదు."

"నిద్ర?"

"లేదు."

"ఆయన బుగ్గలు మీ బుగ్గల్లాగే పీక్కుపోయాయా?"

యోతాం చిలగడదుంప వంక చూస్తూ కూర్చున్నాడు. టీచరమ్మ పగలబడి నవ్వింది. వెక్కిరింపు లేని నవ్వు అది. ఎన్నాళ్లుగానో ఒంటరిగా ఉన్న చోటికి చుట్టం వచ్చినట్టు నవ్వింది.

"ఇన్నాళ్లకి! రండి రండి, మా జట్టులోకి రండి. నన్ను 'ఎక్కడిదాకా మేడం' అన్నవాళ్లలో ఒకరైనా వచ్చారు."

"అది కండక్టరు పెట్టిన పేరు మేడం."

"తెలుసు. పిలిచింది మాత్రం ఇద్దరూ." మళ్లీ నవ్వింది. "పోనివ్వండి. ఒక మాట చెప్పండి, బస్సు నడిపినన్నాళ్లూ మీకు భయమే వేయలేదా?"

"వేయలేదు."

"అబద్ధం. లోయలో పొగమంచు దిగినప్పుడల్లా మీరు కూనిరాగం తీసేవాళ్లు. ఎండ ఉన్నప్పుడు ఒక్కసారీ తీయలేదు. నేను వెనకే కూర్చునేదాన్ని, నాకు తెలీదా?"

నిజమే. ఆ పొగమంచులో యోతాంకూ భయం వేసేది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. గేరు, స్టీరింగు, లైట్లు. భయం చేతుల్లోకి దిగి పనైపోయేది.

"విమానంలో నా చేతులకి పనుండదు మేడం" అన్నాడు. "అదే... అదే సంగతి. ఎవడో నడుపుతాడు, వాడి మొహం కూడా నాకు కనబడదు. నా పక్కన మా ఆవిడ ఉంటుంది. నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

"నాకు ప్రతి నెలా అలాగే ఉండేది" అంది ఆమె నెమ్మదిగా. "మీ చేతిలో నా ప్రాణం, మీకేమో నా పేరు కూడా సరిగ్గా తెలీదు."

ఆ మాటకు యోతాం తలెత్తి చూశాడు. తన వెనక అన్నేళ్లూ అంత మంది అలా కూర్చున్నారని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

"మరి ఎలా ఎక్కేవాళ్లు మేడం? ఒక్క నెల కూడా మానలేదు మీరు."

"మొదట్లో భయం పోయాక ఎక్కుదామనుకున్నా. అది పోదు. కారణం ఏంటా అని వెతికా, కారణమూ దొరకలేదు. అప్పుడు దాంతో బేరం పెట్టుకున్నా. మధ్యాహ్నం టీ కాగేంతసేపు పొయ్యి దగ్గర కూర్చుని బస్సు పడిపోతుందీ, కాలిపోతుందీ అని మనసు తీరా భయపడేదాన్ని. టీ కాగిందంటే లేచేదాన్ని. తర్వాత మళ్లీ వస్తే, రేపు టీ వేళకి రా అనేదాన్ని. వింతగా ఉంటుంది గాని, అది వింటుంది. పెట్టె ఒక్కసారే సర్ది, తాళం వేసి, తాళంచెవి పక్కింటావిడకి ఇచ్చేసేదాన్ని. లేకపోతే ఊరికే విప్పి చూస్తాం."

యోతాం దగ్గి ఊరుకున్నాడు.

"ఇంకోటి, చేతులకి పని. నేను ఊలు అల్లేదాన్ని. లుసాకా వెళ్లొచ్చేసరికి మా అమ్మాయికి సగం స్వెట్టరు తయారయ్యేది. మీకేం వచ్చో మీరే చూసుకోండి." కప్పులు తీస్తూ ఆగింది. "అన్నిటికంటే ముందు, ఇంట్లో చెప్పారా?"

"లేదు."

"చెప్పకుండా ఏం చేస్తున్నారు?"

"మేక ఈనుతుందని చెప్తున్నా."

ఈసారి ఇద్దరూ నవ్వారు. యోతాం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. లోజరియా వెనక వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని నుసిమా కలుపుతోంది. యోతాం చిన్న పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"క్లినిక్కుకి వెళ్లాను."

గరిటె ఆగిపోయింది. "ఏమైంది?"

"ఏం కాలేదు. గుండె ఎద్దు గుండెలా ఉందట. లోజరియా, నాకు విమానమంటే భయంగా ఉంది. చచ్చేంత భయంగా ఉంది. అందుకే ఆ మేక, ఆ పురుగు, అన్నీ."

లోజరియా పొగకో మరెందుకో కళ్లు తుడుచుకుంది. తర్వాత గరిటె తీసి అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే ఇచ్చింది.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? ఇన్ని రోజులు నేనేమనుకున్నానో తెలుసా? నీకా పిల్లల్ని చూడాలని లేదేమో అనుకున్నా. గాజుపెట్టెలో ఉన్నప్పుడు ఆశ వదిలేసుకున్నావు, ఇంక వాళ్ల మీద మనసు పెట్టలేకపోతున్నావేమో అనుకున్నా. తావొంగాకి ఏం చెప్పాలా అని ఏడ్చాను."

"అయ్యో, అదేం మాట! వాళ్ల ఫోటో నా జేబులోనే ఉంది" అని తీసి చూపించాడు. పాస్‌పోర్టుతో పాటు అదీ ఎన్నిసార్లు తడుముకున్నాడో, అంచులు మెత్తబడిపోయాయి.

"భయమేగా" అంది లోజరియా. ఊపిరి వదిలింది. "భయమైతే పర్లేదు. భయాన్ని కూడా తీసుకునే పోదాం. సామాను బరువుకి అదేం లెక్కలోకి రాదు."

ఆ పూట అతను పళ్లెం ఖాళీ చేశాడు.

మర్నాటి నుంచి జింబా ఇంట్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మధ్యాహ్నం పొయ్యి మీద టీ నీళ్లు పెట్టి, "తావొంగా నాన్నా, రా, భయపడు" అని లోజరియా కేకేసేది. యోతాం వచ్చి పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని తన వంతు భయపడేవాడు. రెక్క విరగడం, ఇంజను ఆగిపోవడం, అన్నీ వరుసగా ఊహించుకునేవాడు. మొదటిరోజు చెమటలు పట్టాయి. తర్వాతి రోజు సగంలోనే, "ఇంకా కాగలేదా?" అని అడిగాడు. పెట్టె తాళంచెవి లోజరియా కొంగున చేరింది. అడిగితే ఇచ్చేది కాదు. "ఏం మర్చిపోయావో నోటితో చెప్పు, నేను చూస్తా" అనేది. మర్చిపోయింది ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

ఇక చేతుల పని. యోతాం పాత ఇనుపతీగ సంపాదించి, పటకారు తీసుకుని మామిడి నీడలో కూర్చున్నాడు. చిన్నప్పుడు అందరు పిల్లల్లాగే తనూ తీగతో బళ్లు చేసి, పొడవాటి కర్రకు స్టీరింగు కట్టి, ఊరంతా తోలుకుంటూ తిరిగినవాడే. ఇప్పుడు కవలలకు రెండు బస్సులు మొదలుపెట్టాడు. చేతులు మొదట మొరాయించాయి. తర్వాత వాటికదే గుర్తొచ్చింది. కిటికీలు, పైన సామాను కట్టే కమ్మీలు, సీసా మూతలతో చక్రాలు. ఒక బస్సులో డ్రైవరు సీటు వెనక ఇంకో సీటు ప్రత్యేకంగా చేశాడు. ఎందుకని లోజరియా అడిగితే, "అక్కడ టీచరమ్మ కూర్చుంటుంది" అన్నాడు.

దడ పూర్తిగా పోలేదు. ప్రయాణానికి ముందురోజు మళ్లీ భయం తన్నుకొచ్చింది. అయితే ఈసారి దాన్ని చూసి అతను బెదిరిపోలేదు. "వచ్చావా, కూర్చో" అనుకుని తీగ వంచడంలో పడ్డాడు.

లుసాకా దాకా బస్సులో వెళ్లారు. యోతాం దారిపొడుగునా కాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. విమానాశ్రయంలో యంత్రంలోంచి వాళ్ల పెట్టె వెళ్తుండగా అక్కడున్న ఉద్యోగి చెయ్యెత్తి ఆపాడు.

"తాతా, ఇందులో ఇన్ని తీగలేంటి?"

ఇదే, ప్రయాణం ఇక్కడే ఆగిపోతుంది అనుకున్నాడు యోతాం. లోజరియా కొంగులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. ఉద్యోగి పెట్టె తెరిచి, గుడ్డ విప్పి, రెండు బస్సుల్నీ బల్ల మీద పెట్టాడు. ఒక క్షణం అటూ ఇటూ చూశాడు. తర్వాత వేలితో ఒకదాన్ని మెల్లగా ముందుకు తోశాడు. చక్రాలు గిరగిరా తిరిగాయి.

"ఓయ్, ఇటు రారా" అని పక్కవాణ్ణి పిలిచాడు. "ఇది చూడు, తలుపు తెరుచుకుంటోంది! నేను చిన్నప్పుడు చేసినదానికి తలుపే లేదు."

"నాదానికి చక్రాలు కూడా సరిగ్గా తిరిగేవి కాదు" అన్నాడు రెండోవాడు.

వెనక జనం విసుక్కుంటుంటే గాని వాళ్లు బస్సుల్ని వదల్లేదు. తిరిగి గుడ్డలో చుట్టి ఇచ్చారు. యోతాం చుట్టినదానికంటే జాగ్రత్తగా. ముందుకు నడుస్తుంటే తను నవ్వుతున్నానని యోతాంకు అప్పుడు తెలిసింది.

విమానంలో కిటికీ సీటు లోజరియా తీసుకుంది. యోతాం మధ్యలో. అవతలి పక్క గనుల్లో పనిచేసే భారీ మనిషి, మెడ ఎద్దు మెడలా ఉంది. ఇంజన్లు హోరెత్తేసరికి యోతాం అరచేతులు మళ్లీ మంచుముద్దలయ్యాయి. సిగ్గుపడితే లాభం లేదనుకుని ఆ మనిషి వైపు తిరిగాడు.

"బాబూ, నాకిది మొదటిసారి. భయంగా ఉంది. నేను మీ చెయ్యి పట్టుకుంటే ఏమీ అనుకోకండి."

ఆ మనిషి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పట్టుకోండి పెద్దాయనా. నేను రెండు నెలలకోసారి ఎక్కుతా, ఎక్కిన ప్రతిసారీ చస్తా. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"చెప్పెయ్యండి" అన్నాడు యోతాం. "గరిటెతో ఒక్కటిస్తుంది, అంతే."

విమానం పరుగందుకుంది. వీపు సీటుకు అతుక్కుపోయింది, కడుపు ఎక్కడో కింద ఉండిపోయింది. యోతాం గట్టిగా కళ్లు మూసుకున్నాడు. భయం వేసింది, నిజంగానే బాగా వేసింది. వేసింది, ఉంది, తర్వాత మెల్లగా పలచబడింది. కళ్లు తెరిచేసరికి లోజరియా ముక్కు అద్దానికి ఆనించి, "మబ్బులు మన కిందున్నాయయ్యా, కిందున్నాయి!" అంటోంది. గని మనిషి నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. పైలట్ మైకులో మాట్లాడింది. ఆడగొంతు. పొరుగింటికి ఉప్పు కోసం వచ్చినంత తీరిగ్గా మాట్లాడింది. ఆ గొంతు విని యోతాం భుజాలు కిందికి దిగాయి. ఇలాంటి గొంతుతో మాట్లాడే మనిషికి తన పని వచ్చు. తనిక్కడ చెయ్యాల్సింది ఏమీ లేదు. ఇన్ని రోజులూ అతన్ని తిన్న ఆ మాటే ఇప్పుడు హాయిగా తోచింది. విమానంలో ఇచ్చిన బన్ను మొత్తం తిన్నాడు, లోజరియాది సగం కూడా తిన్నాడు.

మధ్యలో దిగి ఇంకో విమానం ఎక్కారు. అందులో ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. సీటు చేతిని మాత్రం కాస్త పట్టుకున్నాడు.

వాల్విస్ బేలో దిగేసరికి ఇసుక కలిసిన చల్లగాలి మొహాన కొట్టింది. తావొంగా అద్దాల తలుపు అవతల ఒక బిడ్డను వీపున కట్టుకుని, ఇంకో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. పరుగెత్తుకొచ్చి ఒక బిడ్డను తల్లి చేతుల్లో, ఒక బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టేసి, ఇద్దరి మధ్యా తల దూర్చి ఏడ్చింది. యోతాం చేతుల్లో ఉన్నది ఆడపిల్ల. బరువుగా, వెచ్చగా ఉంది. తాతను ఒకసారి తేరిపార చూసి పెద్దగా ఆవులించింది.

ఇంటికెళ్లాక యోతాం సోఫాలో కూర్చుని బూట్లు విప్పబోయాడు. ఒక బూటు విప్పాడు. రెండోది విప్పకుండానే అలా వెనక్కి వాలి, బిడ్డను గుండెల మీద పెట్టుకునే నిద్రపోయాడు. గురక వంటింట్లోకి వినబడింది.

"నాన్నకి ఒంట్లో బాగుందా అమ్మా?" తావొంగా కంగారుగా అడిగింది.

లోజరియా మెల్లగా వెళ్లి రెండో బూటు విప్పింది. మనవరాలి వీపు మీద ఒక దుప్పటి అంచు కప్పింది.

"నిక్షేపంగా ఉన్నాడు. పడుకోనీ. లేచాక నుసిమా ఎక్కువ వండు, బాగా తింటాడు."